మా సయోకో కాలి ఎముక

మా చెల్లెలు సయోకో ఫోనులో మాట్లాడుతూ కూడా వంగి దణ్ణం పెడుతుంది. అవతలివాడికి నువ్వు వంగింది కనబడి చస్తుందా అని అడిగితే, "కనబడకపోయినా గొంతులో తెలుస్తుందక్కా" అంటుంది. చిన్నప్పుడూ అంతే. మా ఊరు కనజావాలో, ఓమిచో బజారులో మా నాన్న చేపల కొట్టు ముందు నిలబడి, కొనకుండా చూసిపోయేవాళ్లకి కూడా తల వంచేది. "కొననివాడికి దణ్ణం దేనికే?" అని నాన్న విసుక్కుంటే, "ఆగి చూశాడుగా నాన్నా" అనేది. అతి వినయం ధూర్త లక్షణమంటారు. మా సయోకోలో ధూర్తతనం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు, ఉన్నదంతా వినయమే.

నా పేరు తోమి. నాన్న పోయాక ఆ కొట్టు నేనే నడుపుతున్నాను. నా నోటి గురించి బజారులో ఎవర్ని అడిగినా చెబుతారు. వినయమంతా చిన్నది పట్టుకుపోయింది, నోరంతా పెద్దదానికి మిగిలింది అని మా అమ్మ నవ్వేది. ఆ వినయమే ఒకసారి మా చెల్లెలి ప్రాణం మీదికి తెచ్చింది. ఇరవయ్యేళ్లు దాటిందేమో, ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, ఆ వెంటనే కళ్లు చెమరుస్తాయి.

యువాకు అనే వేడినీటి బుగ్గల ఊరు మా కనజావాకి కొండవైపు ఉంది. అక్కడ అతిథులు దిగే ఒక పాత విడిది ఇంటికి సయోకోని కోడలిగా ఇచ్చాం. దాని మొగుడు షిగేరు విడిది వంటగది చూసుకుంటాడు. మంచి చెయ్యి. కానీ ఆయన రోజంతా మాట్లాడే మాటలు నా కొట్లో ఒక చేప బేరం తెమిలేలోపు అయిపోతాయి. ఇల్లు నడిపేది అత్తగారు నోబుయె. ఆవిడ కోడలికి నేర్పిన మొదటి పాఠం కూర్చోవడం. మోకాళ్లు మడిచి, మడమల మీద బరువు పెట్టి, నడుం నిలబెట్టి కూర్చోవాలి. తలుపు తియ్యాలంటే ముందు అలా కూర్చోవాలి. పళ్లెం దింపాలంటే కూర్చోవాలి. అతిథి వచ్చినా వెళ్లినా గుమ్మంలో కూర్చుని, అరచేతులు చాపకి ఆనించి, నుదురు వాటిమీదికి వంచాలి. సయోకోకి ఈ చదువు నేర్పడమంటే చేపకి ఈత నేర్పడమే. కొన్నేళ్లకే దాని మోకాళ్లు కాయలు కాచిపోయాయి. "నీ మోకాళ్లకంటే నా చేపలు కోసే చెక్క నున్నగా ఉందే" అని నేను ఏడిపించేదాన్ని.

బుధవారాలు బజారుకి సెలవు. నెలకో బుధవారం నేను యువాకు వెళ్లేదాన్ని. పొద్దున్నే అతిథులు వెళ్లిపోయాక అక్కాచెల్లెళ్లం ఇద్దరం వేడినీళ్ల తొట్టిలో మెడ దాకా దిగి కూర్చునేవాళ్లం. మాకున్న విలాసం అదొక్కటే. ఆ ఏడు శరదృతువులో అలా వెళ్లినప్పుడు దాని దగ్గర నొప్పి పట్టీల వాసన గుప్పుమంది. బట్టలు విప్పి తొట్టిలోకి దిగుతుంటే చూశాను. కుడి మోకాలికి బెత్తెడు కింద, ముందెముక మీద కోడిగుడ్డంత వాపు.

"ఏంటే ఇది?"

"ఏం లేదక్కా. కూర్చుని కూర్చుని."

"కూర్చుంటే మోకాలు వాస్తుంది. ఎముక ఎందుకు వాస్తుందే? ఎన్నాళ్లనించి?"

"వానలప్పటినించి కొంచెం సలుపుతోంది. అతిథులు ఎక్కువగా ఉన్నారు కదాని..."

"అతిథుల్ని తగలెయ్య! మీ ఆయనకి చెప్పావా?"

"ఆయన వంటలో ఉంటారు కదక్కా."

నొప్పి ఓర్చుకోవడం మా ఊళ్లో ఒక గొప్ప. పంటి బిగువున భరించినవాళ్లని మెచ్చుకుంటాం, మూలిగినవాళ్లని వింతగా చూస్తాం. నాకు అది ఎప్పుడూ నచ్చలేదు. తల తుడుచుకోనివ్వకుండానే దాన్ని లాక్కుపోయి ఆసుపత్రిలో కూర్చోబెట్టాను.

ఎముకలో కేన్సరని తేలింది. అక్కడి డాక్టరు కుర్రాడు, పాపం చెప్పడానికి వాడికే నోరు పెగల్లేదు. మోకాలి పైదాకా కాలు తీసెయ్యాల్సి రావచ్చు, కొండమీది పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు కితాదెగారిని చూడండి అన్నాడు. సయోకో లేచి, నడుం దగ్గర్నించి నిండుగా వంగి, "మీకు శ్రమ ఇచ్చాం" అంది. కాలు తీసెయ్యాలన్నవాడికి దణ్ణం పెట్టి వచ్చిన మనిషిని నేను దాన్ని ఒక్కదాన్నే చూశాను. టాక్సీలో కూర్చున్నాక మాత్రం అది కిటికీలోంచి బయటికి చూస్తూ, "కాలు లేకపోతే గుమ్మంలో ఎలా కూర్చోనక్కా?" అంది. బతుకుతానా అని అడగలేదు. అది అడిగింది కూర్చోవడం గురించి.

కితాదె డాక్టరుగారు బక్కపల్చటి మనిషి. చొక్కా ఎప్పుడూ నలిగే ఉంటుంది, మాట మాత్రం ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. ఆయన గదిలో మేం నలుగురం కూర్చున్నాం. నేను, సయోకో, షిగేరు, అత్తగారు నోబుయె. ఆయన ఎక్స్‌రే ఫోటో దీపం ముందు పెట్టి చూపించాడు. జబ్బు ఎముక మధ్యలో ఉంది, మోకాలి కీలు దాకా పాకలేదు. మందులకి లొంగితే కాలు నిలబెట్టే దారి ఉంది అన్నాడు.

"జబ్బు పట్టిన ముక్కని కోసి తీసేస్తాం. తీసినచోట ఖాళీ ఉండకూడదు కదా. కొన్ని దేశాల్లో చనిపోయినవాళ్లు దానం చేసిన ఎముక పెడతారు."

అత్తగారు వెంటనే చెయ్యెత్తారు. "అది మాత్రం కుదరదండీ. రేపు దహనమయ్యాక మావాళ్లు పొడుగు పుల్లలతో పాదాల దగ్గర్నించి అస్థికలు ఏరి కుండలో వేస్తారు. కాళ్లు అడుగున, తల పైన, మనిషి నిలబడ్డట్టు. అందులో ఎవరిదో కాలు ఉంటే ఎవరికి దణ్ణం పెట్టాలి? ఆ పోయినవాళ్లు కూడా తమ కాలేదీ అని వెతుక్కోరూ?"

"అత్తయ్యా, నేనింకా బతికే ఉన్నాను" అంది సయోకో మెల్లిగా.

డాక్టరు నవ్వలేదు. ఆవిడ మాటని మాటగా తీసుకున్నాడు. "అందుకే పెద్దమ్మగారూ, ఇక్కడ మేం ఇంకో పని చేస్తున్నాం. ఆవిడ ఎముకే ఆవిడకి పెడతాం. బయటికి తీసి, జబ్బుని గీకేసి, ద్రవ నైట్రోజన్‌లో ముంచుతాం. దాని చలికి అందులో మిగిలిన జబ్బు కణాలన్నీ చస్తాయి. తర్వాత కరగనిచ్చి, మళ్లీ తీసినచోటే పెట్టి లోహపు రేకుతో బిగిస్తాం. సొంత ఎముక కాబట్టి కొలత సరిగ్గా సరిపోతుంది."

ఇక నేను ఊరుకోలేకపోయాను. "డాక్టరుగారూ, నేను పుట్టినప్పట్నించీ చేపల మధ్య ఉన్నదాన్ని. గడ్డకట్టించిన బూరి చేపని కరిగించి ఎన్నో అమ్మాను. ఒక్కటంటే ఒక్కటి మళ్లీ తోకాడించలేదు."

ఈసారి నవ్వాడు. "నిజమే. మీ చెల్లెలి ఎముక కూడా తోకాడించదు. జబ్బుతోపాటు మంచి కణాలూ చస్తాయి. నేను పెట్టేది చచ్చిన ఎముకే. కాకపోతే వాసాలు పాడవని ఇల్లు లాంటిది. పైనా కిందా బతికున్న ఎముక ఉంటుంది కదా, అది మెల్లిమెల్లిగా లోపలికొచ్చి కాపురం పెట్టాలి. ఏళ్లు పట్టొచ్చు. ఈలోపు విరగొచ్చు, చీము పట్టొచ్చు, జబ్బు తిరిగి రావొచ్చు. ఈ పద్ధతి కొత్తది. ఇన్నేళ్లు నిలుస్తుందని నేను రాసివ్వలేను."

అత్తగారు తేల్చేశారు. "ఆవిడ సామాను ఆవిడకే ఇచ్చేస్తానంటున్నారు. ఇంకేం కావాలి?"

షిగేరు అప్పటిదాకా నేల చూపులు చూస్తున్నవాడు లేచి నిలబడి తల వంచాడు. "దయచేసి చెయ్యండి" అన్నాడు. ఆ నెలలో ఆయన మాట్లాడిన అతి పొడుగు వాక్యం అదే.

ముందు మందులెక్కించారు. సయోకో జుట్టంతా రాలిపోయింది. విగ్గు పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఇది నా జుట్టుకంటే మర్యాదగా ఉందక్కా" అంది. వాంతులయ్యాక నర్సుకి ప్రతిసారీ క్షమాపణ చెప్పుకునేది. పక్క మంచాలవాళ్లు దానికి దణ్ణాలమ్మ అని పేరు పెట్టారు. ఫిబ్రవరిలో, చెట్ల కొమ్మలు మంచు బరువుకి విరగకుండా తాళ్లతో కట్టి ఉంచే రోజుల్లో, ఆపరేషన్ అయింది. పొద్దున్న లోపలికి తీసుకెళ్లినవాళ్లు దీపాలు పెట్టే వేళకి బయటికి తెచ్చారు. దుప్పటి కింద రెండు పాదాలూ ఉన్నాయి. నేను ఆ రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి తడిమి చూశాను. రెండూ వెచ్చగానే ఉన్నాయి. అంతకంటే మంచి సరుకు నా జన్మలో తడమలేదు.

తర్వాత నెలలన్నీ మళ్లీ మందులు, పట్టీలు, చంకకర్రలు. ఇంటికి పంపిస్తూ డాక్టరుగారు గట్టిగా చెప్పాడు. "ఎముక ఇంకా చచ్చిందే. బరువు నేను చెప్పినంతే మోపాలి. నేను సరేననేదాకా మోకాళ్ల మీద కూర్చోకూడదు. ఎవరొచ్చినా సరే. చక్రవర్తిగారొచ్చినా సరే."

అత్తగారు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు. ఆ విడిది పుట్టి ఎన్ని తరాలైందో గానీ గుమ్మంలో కుర్చీ అనేది ఎన్నడూ లేదు. ఆవిడే వెళ్లి బట్టతో కుట్టిన మెత్తటి కుర్చీ తెప్పించి వేయించారు. అతిథులు వచ్చినప్పుడు సయోకో ఆ కుర్చీలో కూర్చుని తల వంచితే, పక్కన ఎనభయ్యేళ్ల ముసలావిడ చాప మీద మోకాళ్లు మడిచి కోడలి తరఫున కూడా నుదురు ఆనించేవారు. లేవాలంటే ఆవిడకి పనమ్మాయి చెయ్యి కావాలి. సయోకో మాత్రం కుర్చీలో ముళ్ల మీద కూర్చున్నట్టు ఉండేది. "అత్తయ్య కింద, నేను పైన. నాకు తల కొట్టేసినట్టుందక్కా" అని నా దగ్గర వాపోయేది.

"పైనే ఉండవే. కాలు కావాలంటే సిగ్గు చంపుకో" అన్నాను.

వేసవి దాటి ఆకులు ఎర్రబడేసరికి ఒంటి కర్రతో నడవసాగింది. ఫోటోల్లో జబ్బు జాడ లేదన్నారు. మా ఇంట్లో బుద్ధుడి ముందు నేను రోజూ వెలిగించే అగరొత్తికి ఇంకోటి జతచేశాను. దేవుళ్లని నేనెప్పుడూ బతిమాలుకోను. అప్పుడు మాత్రం, బాగానే చూసుకుంటున్నారు, ఇలాగే కానివ్వండి అన్నాను.

డిసెంబరు వచ్చింది. పీతల కాలం. మా కొట్టుకి ఊపిరాడని రోజులు. యువాకు విడిదికి పీతల బుట్ట ఇవ్వడానికి నేనే వ్యాను తోలుకెళ్లాను. వంటగదిలో బుట్ట దింపి గుమ్మంలోకి వచ్చేసరికి, బయట మంచులో గొడుగు దులుపుకుంటూ ఎవరో లోపలికి వస్తున్నారు. చూస్తే కితాదె డాక్టరుగారు. పక్క విడిదిలో వాళ్ల ఆసుపత్రివాళ్లకి ఏడాది చివరి విందు ఉందట. వెళ్తూ వెళ్తూ, ఎలా ఉన్నారో ఒకసారి చూసి పోదామని వచ్చాడు. ఫోను చేసి రాలేదు. చేసుంటే మా దణ్ణాలమ్మకి ముందే కాపలా పెట్టేవాళ్లం.

సయోకో కుర్చీలోనే ఉంది. ఆయన్ని చూడగానే దాని మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. ఆయన వంగి బూట్లు విప్పుకుంటున్నాడు. నేను "ఆగు" అనేలోపే అది కుర్చీలోంచి జారి చాప మీదికి దిగిపోయింది. రెండు మోకాళ్లూ మడిచింది. మడమల మీద కూర్చుంది. అరచేతులు ఆనించింది. నుదురు వంచింది. ఆ వంపులో పీత కాలు విరిచినట్టు టప్పుమని చప్పుడైంది.

అది కేక వెయ్యలేదు. నుదురు చేతుల మీద ఉంచే, "ఇంత మంచులో, ఇంత దూరం, మాలాంటివాళ్ల ఇంటికి వచ్చారు. మీ దయవల్ల ఇలా ఉన్నాను" అని పూర్తి వాక్యం చెప్పింది. గొంతు కూడా వణకలేదు. తర్వాత లేవలేదు. నేను మామూలుగానే దణ్ణం కాస్త పొడుగైందనుకున్నాను. ఆ చప్పుడు తెలిసినవాడు ఆయనొక్కడే. ఒక బూటు కాలికి ఉండగానే చాప మీదికి వచ్చేశాడు. మా ఊళ్లో బూటుతో చాప ఎక్కినవాణ్ణి ఎవరూ క్షమించరు. ఆ రోజు ఎవరూ చూడను కూడా చూడలేదు. ఆయన దాన్ని మెల్లిగా పక్కకి ఒరిగించి, విరిగిన కాలిని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

"తప్పు నాది. చెప్పకుండా రాకూడదు నేను."

"లేదండీ, నాదే. మీరు వద్దన్నారు కదా. విందుకి వెళ్లేవారిని ఆపేశాను."

"కాదు, కాదు, నేనే..."

"మీ మర్యాదలు మండ!" అని అరిచాను. "ఎవరిది తప్పో రేపు తేల్చుకుందురు గాని. ఎవరన్నా అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి!"

ఫోను చేసింది షిగేరు. అడ్రసు మూడుసార్లు చెప్పాడు. అంత గట్టిగా ఆయన గొంతు ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరుగారు దాచకుండా చెప్పాడు. రేకు వంగింది, ఎముక విరిగింది. విరగడానికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి ఆ దణ్ణం. రెండోది జబ్బు తిరిగొచ్చి లోపల తినేస్తుండటం. లోపల తింటుంటే ఒక్కోసారి ఫోటోకి దొరకదు, తెరిచి చూడాలి. దణ్ణం వల్లయితే బాగు చేస్తాం. జబ్బయితే ఇక కాలు ఉంచను, మోకాలి పైదాకా తీసేస్తాను, ప్రాణం ముఖ్యం అన్నాడు.

సయోకో "అలాగేనండీ" అంది. ఆయన వెళ్లాక నావైపు తిరిగి, "ఆయన విందు పాడైంది కదక్కా. రాత్రంతా నిద్రపోయినట్టు లేరు, కళ్లు చూశావా?" అంది.

అప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండింది. "ఆయన కళ్ల సంగతి నాకెందుకే! ఆయన నిద్ర, అతిథుల అన్నం, అత్తయ్య మోకాళ్లు, నర్సమ్మ చేతులు, అందరి గురించీ ఏడుస్తావు. పోయేది నీ కాలే! నీ కాలు గురించి ఒక్కమాట మాట్లాడవేం?"

సయోకో దుప్పటి అంచు మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది. "మాట్లాడితే ఏడుస్తానక్కా" అంది. "నేను ఏడిస్తే మీరందరూ ఏడుస్తారు. తర్వాత ఎవరాపుతారు?"

బయటికొస్తే వరండాలో బల్ల మీద అత్తగారు కూర్చుని ఉన్నారు. కిమోనో మడతలు నలగకుండా, ఎప్పటిలాగే నడుం నిలబెట్టి. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"తోమీ, దానికి వంగడం నేర్పింది నేనే. నేను అంత బాగా నేర్పకపోతే ఆ ఎముక విరిగేది కాదు."

"మీకంత లేదులెండి" అన్నాను. "అది పుట్టినప్పుడే వంగి పుట్టింది. మంత్రసానికి కూడా శ్రమ ఇచ్చానని చెప్పే ఉంటుంది."

ఆవిడ నవ్వబోయి ఏడ్చారు. అన్నేళ్లలో ఆవిడ చెయ్యి నేను పట్టుకోవడం అదే మొదలు. చేపల కంపు కొట్టే నా చేతిని ఆవిడ వదల్లేదు.

ఆపరేషన్ రోజున మేం ముగ్గురం ఆ బల్ల మీదే ఉన్నాం. షిగేరు అన్నం ముద్దలు చేసి తెచ్చాడు. ఉప్పు ఎక్కువైంది. అంత మంచి వంటవాడు ఉప్పు తప్పాడంటే ఆయన లోపల ఏం జరుగుతోందో తెలిసింది. ముగ్గురం మెతుకు మిగల్చకుండా తిన్నాం.

మధ్యాహ్నం దాటాక తలుపు తెరుచుకుంది. డాక్టరుగారు నోటి గుడ్డ కిందికి లాగి మా ముందు నిలబడ్డాడు. ఏదో చెప్పబోతున్నాడు, మాట రావడంలేదు. అయిపోయిందనుకున్నాను.

"నెత్తురొచ్చింది" అన్నాడు.

"అయ్యో!" అన్నారు అత్తగారు.

"కాదు, కాదు. ఎముకలోంచి వచ్చింది. విరిగిన అంచు శుభ్రం చేస్తుంటే చుక్కలు చుక్కలుగా ఊరింది. తుడిచాను, మళ్లీ ఊరింది." ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "ఫిబ్రవరిలో నేను పెట్టినప్పుడు అది తెల్లగా, సుద్దముక్కలా ఉంది. చచ్చిన ఎముకకి నెత్తురు రాదండీ. మీ సయోకోగారి ఎముక చివర్ల నించి బతకడం మొదలుపెట్టింది."

"మరి జబ్బు?" అన్నాను నేను. సంతోషం ముందు రానిచ్చి, తర్వాత దాన్ని లాక్కుంటే తట్టుకునే ఓపిక నాకు లేదు.

"కంటికి ఏమీ కనబడలేదు. కాలు ఉంచాను. తుంట్లోంచి కొంచెం ఎముక తీసి చుట్టూ పేర్చి, కొత్త రేకు వేశాను. కానీ ముక్కలు పరీక్షకి పంపాను. ఆ జవాబు వచ్చేదాకా నేను మాటివ్వలేను."

ఆ జవాబు వచ్చేలోపు రోజులు ఎలా గడిచాయో నన్నడక్కండి. కొట్లో పీతలు అడిగినవాడికి రొయ్యలిచ్చాను. ఒకావిడ తిరిగొచ్చి పోట్లాడితే తల వంచి క్షమాపణ చెప్పాను. బజారంతా పని ఆపి నన్ను చూసింది.

జవాబు వచ్చిన రోజు మేం మంచం చుట్టూ ఉన్నాం. డాక్టరుగారు లోపలికి వచ్చాడు. ఈసారి కొత్త చొక్కా, మడతల గీతలు ఇంకా పోలేదు. తలుపు దగ్గరే చెప్పేశాడు, దగ్గరికి వచ్చేదాకా కూడా ఆగలేదు.

"లేదు. జబ్బు లేదు. ఎక్కడా లేదు. విరిగింది దణ్ణం వల్లే."

షిగేరు గోడకి ఆనుకుని కూలబడిపోయాడు. అత్తగారు జపమాల నుదుటికి ఆనించుకున్నారు. సయోకో రెండు చేతులూ పరుపు మీద ఆనించి నడుం వంచబోయింది.

"వద్దు!"

నలుగురం ఒక్కసారే అరిచాం. నడవాలోంచి నర్సు పరుగెత్తుకొచ్చింది. సయోకో వంగీ వంగకుండా మధ్యలో ఆగిపోయి మా మొహాలు చూసింది. ఎవరికీ వంగకూడదంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియని మనిషి అది. ఆ చేతులు కాసేపు గాల్లోనే ఉండిపోయాయి. తర్వాత మెల్లిగా దిగి కుడికాలి కట్టు మీద, ఎముక ఉన్నచోట ఆగాయి.

"చాలా కష్టపడ్డావు" అంది. అంటున్నది మాతో కాదు. "ఇన్నాళ్లూ ఒక్కరోజు కూడా నిన్ను ఎలా ఉన్నావని అడగలేదు. నొప్పి అని నువ్వు చెబుతుంటే పట్టీ అంటించి మళ్లీ కూర్చోబెట్టాను. చంపి పెడితే బతికొచ్చావు. నేను విరిచాను. అయినా ఉన్నావు. నాకు నువ్వు కావాలి. నాకు నువ్వే..."

చివరి మాట పూర్తి కాలేదు. చిన్నపిల్లలా నోరు తెరిచి, ఎవరికీ క్షమాపణ చెప్పకుండా ఏడ్చింది. దాని మాట నిజమే, అందరం ఏడ్చాం, ఎవరూ ఆపలేదు. డాక్టరుగారు అద్దాలు తీసి ఆ కొత్త చొక్కాతోనే తుడుచుకున్నాడు. నేను దాని పాదం పట్టుకున్నాను. వేళ్లు కదిలించింది.